రామప్ప మదనికల నలుపు: ఫిల్ముతో నా అనుభవం

పాలంపేట రామప్ప గుడికి నేను మొదటిసారి ఫిల్ము కెమెరాతో వెళ్ళినప్పుడు రెండు బ్లాక్ అండ్ వైట్ రీళ్ళు వాడాను. రెండూ పాడయ్యాయి, కానీ ఒకటి పాడైన తీరుకు రెండోది పాడైన తీరు పూర్తిగా విరుద్ధం. మొదటి రీలులో వెలుతురు కొలిచే మీటరును నేరుగా మదనికల మీదికి, అంటే చూరు కింది నల్లరాతి స్త్రీ శిల్పాల మీదికి తిప్పి అది చూపిన లెక్క ప్రకారం తీశాను. ప్రింట్లలో ఆ నల్లని శిల్పాలు బూడిద పూసినట్టు వెలిసిపోయి, వాటి వెనుక ఎండలో ఉన్న ఇసుకరాతి గోడ ఖాళీ కాగితంలా తెల్లబడింది. రెండో రీలులో తప్పు దిద్దుకుందామని మొత్తం దృశ్యానికి సగటు లెక్క తీసుకున్నాను. ఈసారి గోడ బాగానే వచ్చింది గానీ మదనికలు ఉండవలసిన చోట నెగటివ్ (వెలుగు నల్లగా, నీడ పలచగా పడే కడిగిన ఫిల్ము) మీద ఏమీ లేదు, అద్దంలా ఖాళీ ఫిల్ము మాత్రమే మిగిలింది. అక్కడ పడని వెలుతురును తరువాత ఏ ఉపాయంతోనూ తెచ్చుకోలేమని అప్పటికి నాకు తెలియదు కాబట్టి, నెగటివ్‌ను కాగితం మీదికి పెద్దదిగా వేసే ఎన్‌లార్జర్ దగ్గర ఒక రాత్రంతా వృథా చేశాను.

ఆ గుడిని చూసినవారికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ ఆలయానికి ప్రధాన నిర్మాణం ఎర్రని ఇసుకరాయి; మండపం చూరు కింద, స్తంభాల పైభాగాన వాలుగా నిలబడిన మదనికలు, నాగినులు మాత్రం అద్దంలా నునుపు చేసిన నల్లరాయి. అంటే వెలుతురును బాగా తిరిగి పంపే రాయి ఎండలో ఉంటుంది, వెలుతురును మింగేసే రాయి నీడలో ఉంటుంది. మన కన్ను నీడలోకి చూసినప్పుడు తనను తాను సర్దుకుంటుంది కాబట్టి మనకు రెండూ కనిపిస్తాయి. ఫిల్ముకు ఆ వెసులుబాటు లేదు. ఒక ఫ్రేముకు ఒకే ఎక్స్‌పోజర్, అందులోనే రెండూ ఇమడాలి.

మా ఊళ్ళో చాలా ఏళ్ళు స్టూడియో నడిపి మానేసిన ఒక పెద్దాయన దగ్గరికి ఆ నెగటివ్‌లు పట్టుకెళ్ళాను. ఆయన వాటిని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఖాళీగా ఉన్న భాగాన్ని గోటితో చూపించి, "నీడను చూసి కొట్టు బిడ్డా, ఎలుగు సంగతి కడిగేటప్పుడు చూసుకోవచ్చు" అన్నారు. నేను తరువాత ఎనిమిది నెలల పాటు చేసిన పనంతా ఆ ఒక్క వాక్యాన్ని నా కెమెరాకు, నా నీళ్ళకు, నా కాగితానికి సరిపడే అంకెలుగా మార్చుకోవడమే.

ఆ వాక్యం వెనుక ఉన్న కారణం చెప్పాలి, ఎందుకంటే కారణం తెలియకుండా అంకెలు పట్టుకుంటే అవి నిలవవు. ఫిల్ము మీద వెలుతురు పడిన కొద్దీ, డెవలపర్ అనే రసాయనంలో కడిగిన తరువాత వెండి నలుపు ఎంత చేరుతుందో గీత గీసి చూపిన పరిశోధనను హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో ఇంగ్లండులో ప్రచురించారు.   హర్టర్, డ్రిఫీల్డ్ గీతకు కింద ఒక పాదం ఉంటుంది. అక్కడ వెలుతురు కాస్త పెరిగినా నలుపు పెద్దగా పెరగదు. నీడలు పడేది ఆ పాదం దగ్గరే. పైన నిటారుగా సాగే భాగంలో వెలుగులు పడతాయి. రీలును డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచితే ఆ నిటారు భాగం ఇంకా నిటారు అవుతుంది, పాదం మాత్రం దాదాపు కదలదు, ఎందుకంటే నీడ పడిన చోట వెలుతురు తాకిన వెండి రేణువులు కొద్దిగానే ఉంటాయి, వాటి పని డెవలపర్‌లో త్వరగానే ముగుస్తుంది; వెలుగు పడిన చోట రేణువులు లెక్కకు మించి ఉంటాయి, సమయం ఇచ్చిన కొద్దీ అవి నల్లబడుతూనే పోతాయి. అందువల్ల నీడకు కెమెరా దగ్గరే నిర్ణయం జరిగిపోవాలి, వెలుగుకు నిర్ణయం ఫిల్ము కడిగే తొట్టిలో జరుగుతుంది.

ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లో రూపొందించిన జోన్ పద్ధతి ఈ సంగతినే వాడుకకు అనువుగా మెట్లు కట్టింది. సున్నా నుంచి పది వరకు మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక స్టాపు తేడా, అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగం కావడం. సున్నా అంటే కాగితం ఇవ్వగల నిండు నలుపు. 2లో నలుపులో ఏదో ఉన్నట్టు తెలుస్తుంది. 3లో నీడన పడుకున్న గేదె చర్మం మీద ముడతలు కనిపించేంత నలుపు. 5 మధ్య బూడిద. 8 అంటే సున్నం వేసిన గోడ మీద కుంచె జాడలు ఇంకా కనిపించే తెలుపు. 10 అంటే ఉత్త కాగితం. మీటరు దేనిని చూపించినా అది 5వ మెట్టు అనుకునే లెక్క చెబుతుంది. నల్లరాయిని చూపిస్తే నల్లరాయిని బూడిద చేసే లెక్క చెబుతుంది. నా మొదటి రీలుకు జరిగింది ఇదే, తప్పు మీటరుది కాదు.

నేను వాడేది ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్. 30.5 మీటర్ల చుట్ట తెచ్చుకుని, చీకట్లో లోడరులో పెట్టి, పన్నెండు ఫ్రేములకు సరిపడా చిన్న చిన్న రీళ్ళుగా చుట్టుకుంటాను. ఇది పొదుపు కోసం కాదు. 35 ఎంఎం కెమెరాలో ఒక రీలు మొత్తానికి ఒకే కడుగు ఉంటుంది. ఎండలో తీసినవి, మబ్బులో తీసినవి ఒకే రీలులో ఉంటే వాటికి వేరువేరు సమయాలు ఇవ్వడం కుదరదు. పన్నెండు ఫ్రేములంటే ఒకే వెలుతురులో ముగించవచ్చు.

ముందుగా ఫిల్ము అసలు వేగం, అంటే వెలుతురుకు అది ఎంత త్వరగా స్పందిస్తుందో తేల్చుకోవాలి; ఈ అంకె తగ్గిన కొద్దీ ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. డబ్బా మీద 400 అని ఉంటుంది గానీ, నా షట్టరు, నా మీటరు, నా డెవలపర్ కలిస్తే ఆ అంకె నిలుస్తుందన్న హామీ లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకుకు నీడ పడే వైపు ఉన్న సాదా గోడను ఎంచుకుని, గరుకుతనం కనిపించకుండా లెన్సును అనంతానికి తిప్పి, మీటరు చూపిన దానికన్నా నాలుగు స్టాపులు తక్కువగా, అంటే 1వ మెట్టులో పడేలా, మీటరును 400, 320, 250, 200, 160 దగ్గర పెడుతూ ఒక్కో ఫ్రేము తీశాను. చివర మూత తీయకుండా ఒక ఖాళీ ఫ్రేము వదిలాను. నెగటివ్ మీది నలుపు చిక్కదనాన్ని కొలిచే యంత్రం నా దగ్గర లేదు కాబట్టి ఆ పని కాగితానికే అప్పగించాను. ఖాళీ ఫ్రేమును ఎన్‌లార్జర్‌లో పెట్టి, నలుపు తెలుపుల తేడాను నిర్ణయించే ఫిల్టర్లలో 2వ గ్రేడు దానితో, కాగితానికి రెండేసి సెకన్ల చొప్పున పట్టీలుగా వెలుతురు ఇస్తూ పోతే, ఒక చోట తరువాతి పట్టీకి ముందు పట్టీకి తేడా కనిపించకుండా పోతుంది. నాకు అది 16 సెకన్ల దగ్గర వచ్చింది. ఖాళీ ఫిల్ము గుండా కాగితం నిండు నలుపు కావడానికి కావలసిన కనీస సమయం అదే. ఆ తరువాత ఎన్‌లార్జర్ ఎత్తు, అపెర్చరు (లెన్సు రంధ్రం) కదపకుండా అన్ని ఫ్రేములనూ అదే 16 సెకన్లతో వేశాను. 400 ఫ్రేము, 320 ఫ్రేము నిండు నలుపులో కలిసిపోయాయి. 250 దగ్గర, ఆరిన కాగితాన్ని పగటి వెలుతురులో ఖాళీ ఫ్రేము పక్కన పెట్టి చూస్తే, ఆ నలుపు ఒక వెంట్రుక వాసి తేలిగ్గా ఉంది. అప్పటి నుంచి నా మీటరు 250 దగ్గరే ఉంటోంది.

అసలు కష్టం రెండో భాగంలో, అంటే కడిగే సమయం తేల్చడంలో వచ్చింది. ఐడి-11 డెవలపర్‌ను నీళ్ళతో సమానంగా కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు కడగమని ఫిల్ముతో వచ్చే పట్టిక చెబుతుంది. 20 డిగ్రీల నీళ్ళు మాకు ఎక్కడివి? ఏప్రిల్ నెలలో తెల్లవారుజామున కుళాయి నీళ్ళే 30 దాటి ఉంటాయి, మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టలేము. మంచుముక్కలు వేసి 20కి దించవచ్చు గానీ, అది అక్కడ నిలవదు. పది నిమిషాల్లో మూడు డిగ్రీలు పైకి పోతుంది, ఒక్కో డిగ్రీకి కడుగు సుమారు పదో వంతు మారుతుంది. పైగా డెవలపర్ చల్లగా, కడిగే నీళ్ళు వేడిగా ఉంటే జెలటిన్ పొర ముడతలు పడే ప్రమాదం ఉంది. చాలా తంటాలు పడిన తరువాత దీనికి మా వంటింట్లోనే జవాబు దొరికింది. గాలి తగిలే చోట ఉంచిన మట్టికుండలో నీళ్ళు ఆ వేసవిలో ఉదయం పూట 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండేవి. రెండు మూడు మంచుముక్కలతో వాటిని 24కి తెచ్చి, పెద్ద టబ్బులో పోసి, డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను స్థిరపరిచే హైపో సీసాలన్నిటినీ అందులోనే నిలబెడితే అరగంట వరకు కదలిక ఉండదు. అందరూ 20 అంటున్నారని దాని వెంట పడడం కన్నా, ఏడాది పొడవునా నేను నిలబెట్టగలిగే అంకెను పట్టుకోవడమే మేలని నిర్ణయించుకుని 24ను ఖాయం చేసుకున్నాను. ఉష్ణోగ్రత సవరణ పట్టిక ప్రకారం 20 దగ్గర 13 నిమిషాలకు 24 దగ్గర సుమారు 9 నిమిషాలు.

మళ్ళీ అదే గోడ, ఈసారి మీటరు కన్నా మూడు స్టాపులు ఎక్కువ, అంటే 8వ మెట్టు. 9 నిమిషాలు కడిగి, 16 సెకన్లతో ప్రింటు వేస్తే గోడ ఉత్త కాగితంలా వచ్చింది. 8 నిమిషాలు చేశాను, అదే తెలుపు. 7 నిమిషాలకు కూడా తెలుపే. వరసగా మూడు రీళ్ళు ఇలా పోయేసరికి నాకు లెక్క మీద కాక కొలత మీద అనుమానం వచ్చింది. డార్క్ రూమ్ థర్మామీటరును సరిచూడడానికి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉంది, కానీ అది 35 కింద చదవదు. ఒక చెంబులో గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, కలుపుతూ, రెండూ కలిపి ముంచాను. జ్వరం థర్మామీటరు 38 చూపితే డార్క్ రూమ్‌ది 36 చూపింది. అంటే నేను 24 అనుకుంటూ 26 దగ్గర కడుగుతున్నాను. అక్కడ తేడా ఉంటే 24 దగ్గరా అంతే తేడా ఉంటుందని ఖచ్చితంగా చెప్పలేము కాబట్టి కొత్తది కొని, దానినీ అదే చెంబులో పరీక్షించాకనే పనిలో పెట్టాను. ఇంకొక లోపం కూడా అప్పుడే దొరికింది: తొట్టిని నేను మజ్జిగ చిలికినట్టు ఊపుతున్నాను. నిమిషానికి ఒకసారి, పది సెకన్లలో నాలుగు సార్లు నెమ్మదిగా తిరగేసి, గాలి బుడగలు పోయేలా తొట్టి అడుగును బల్ల మీద ఒకసారి తట్టి, మిగతా సమయం కదపకుండా ఉంచడం అలవాటు చేసుకున్నాను. ఊపు ఎక్కువైతే వెలుగు భాగాలకే తాజా డెవలపర్ పదే పదే అందుతుంది, అవే చిక్కబడతాయి.

ఈ రెండూ సరిదిద్దిన తరువాత 7½ నిమిషాలకు 8వ మెట్టు గోడ కాగితం తెలుపు కన్నా లేశమంత బూడిదగా, నేను కోరుకున్నట్టే వచ్చింది. అదే నా మామూలు సమయం. తరువాత గోడకు నాలుగు స్టాపులు ఎక్కువ ఇచ్చి, అది కూడా 8వ మెట్టులా ప్రింటు కావాలంటే ఎంతసేపు కడగాలో చూశాను, 6 నిమిషాలు తేలింది. రెండు స్టాపులే ఎక్కువ ఇచ్చినప్పుడు అదే తెలుపు రావడానికి 10 నిమిషాలు పట్టింది. అయిదు నిమిషాలకన్నా తక్కువ కడిగితే డెవలపర్ ఫిల్మంతా సమంగా పాకదు, ఆకాశంలో మరకలు తేలతాయి. అందుకని 6కు దిగువకు నేను పోలేదు.

డిసెంబరులో మళ్ళీ పాలంపేటకు వెళ్ళాను. వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. సూర్యుడు చెట్ల పైకి వచ్చే వేళకు అక్కడ ఉన్నాను. స్మారకాల దగ్గర ట్రైపాడ్‌కు అనుమతి కావాలి, నా దగ్గర అది లేదు, చేత్తోనే తీయాలి. చిన్న చోటును మాత్రమే కొలిచే ఒక డిగ్రీ స్పాట్ మీటరుతో ఒక మదనికను పై నుంచి కిందికి చదివాను. అపెర్చరు ఎఫ్8 అనుకుంటే మీటరు చూపిన షట్టరు సమయాలు ఇవి: నడుము పక్కన లోతైన మడత 1/15 సెకను, నల్లని ఒంటి మీద సాధారణ భాగం 1/30, వెనుక ఎండలో ఉన్న ఇసుకరాయి 1/1000, దాని పైన ఆకాశం 1/2000. మడతకు, ఇసుకరాతికి మధ్య ఆరు స్టాపులు.

ఇక్కడ నేను చాలాసేపు ఆలోచించాను. పుస్తక పద్ధతిలో అయితే వివరం కావలసిన నీడను 3వ మెట్టులో పెట్టాలి. ఆ మడతను 3లో పెడితే ఎక్స్‌పోజర్ 1/60 అవుతుంది, ఒళ్ళు 4లోకి, ఇసుకరాయి 9లోకి పోతుంది. 6 నిమిషాల కడుగు కూడా దాన్ని 8కి మించి దించలేదు. అంతకన్నా పెద్ద అభ్యంతరం, 4వ మెట్టులో ఆ రాయి నల్లరాయిగా ఉండదు. ఆ శిల్పాలు నల్లగా ఉండడమే వాటి అందం. వాటి ముందు నిలబడి జాగ్రత్తగా చూస్తే, ఆకారాన్ని మనకు అందించేది నీడలోని వివరం కాదు, నునుపు మీద ఆకాశం ప్రతిబింబించే సన్నని మెరుపు: మోకాలి చిప్ప మీద ఒక గీత, భుజం అంచున ఒక గీత, ఎత్తు మడమల పాదరక్షల అంచున ఇంకొకటి. ఆ మెరుపులు 6, 7 మెట్లలో పడుతున్నాయి. మెరుపు నిలిస్తే, దాని చుట్టూ ఉన్న నలుపు లోతుగా ఉన్న కొద్దీ రూపం బయటికి వస్తుంది. అందుకని మడతను 2లోకి, ఒంటిని 3లోకి దించి 1/125 ఇచ్చాను. ఇసుకరాయి 8లో పడింది, 6 నిమిషాల కడుగుతో 7కి వస్తుంది. ఆకాశం 9 నుంచి 8కి వస్తుంది. చేత్తో పట్టుకోవడానికి కూడా 1/125 నిబ్బరంగా ఉంది.

రెండు ఫ్రేములకు నారింజ ఫిల్టరు కూడా పెట్టి చూశాను. ఎర్రరాయి తేలికపడి ఆకాశం ముదురుతుందని నా ఆశ. ఫిల్టరుకు రెండు స్టాపులు కలిపాను, అయినా ఆ రెండింటిలోనూ నడుము మడత పూర్తిగా పోయింది. కారణం తరువాత ఆలోచిస్తే తెలిసింది: చూరు కింది నీడకు వెలుతురు ఇచ్చేది సూర్యుడు కాదు, నీలాకాశం. నీలాన్ని ఆపే ఫిల్టరు ఆకాశాన్ని ముదురు చేసినట్టే ఆకాశం వెలిగించిన నీడనూ ముదురు చేస్తుంది. ఇంత ఎక్కువ తేడా ఉన్న దృశ్యంలో ఫిల్టరు ఆ తేడాను ఇంకా పెంచుతుంది. ఇప్పుడు నేను అక్కడ ఏ ఫిల్టరూ వాడను.

ఆ రాత్రే రీలు కడిగాను. 24 డిగ్రీలు, 6 నిమిషాలు, ఆపైన స్టాప్ బాత్, హైపో. కుండ నీళ్ళు పరిమితం కాబట్టి పారే నీళ్ళ కింద కాకుండా, తొట్టి నింపి అయిదుసార్లు తిరగేసి పారబోసి, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ నింపి ఇరవైసార్లు తిరగేసే పద్ధతిలో కడిగాను. ఆరిన నెగటివ్‌ను మరునాడు ఉదయం దినపత్రిక మీద పరిచాను. వెలుగు భాగం సరిగా ఉందో లేదో చూడడానికి ఇది పాత పద్ధతి: బాగా చిక్కగా ఉన్న చోటు కింద అచ్చు అక్షరాలు మసకగానైనా చదవగలగాలి. మొదటి ప్రయాణపు నెగటివ్‌లలో గోడ కింద ఒత్తులు, గుణింతాలు కలిసిపోయి నల్లటి అట్టలా ఉండేది. ఇప్పుడు ఇసుకరాతి గోడ కింద 'క్ష' అక్షరం దాని ఒత్తుతో సహా తెలిసింది. మదనిక నడుము దగ్గర, ఫిల్ము ఖాళీ అంచుతో పోల్చి చూస్తే, పలచని పొగలాంటి ఛాయ ఉంది.

పది అంగుళాల కాగితం మీద 2½ గ్రేడుతో ప్రింటు వేశాను. ఎక్కడా చెయ్యి అడ్డం పెట్టకుండా, ఎక్కడా అదనపు వెలుతురు ఇవ్వకుండా వచ్చిన మొదటి ప్రింటు అది. డెవలపర్ ట్రేలో ఎర్ర దీపం కింద మొదట మదనిక వచ్చింది, ఆ తరువాత మెల్లగా ఇసుకరాతిలో పొరలు వచ్చాయి. చివరి ప్రింటులో మాత్రం ముఖం మీద నాలుగు సెకన్లు చేతి నీడ పట్టాను, చూరు నీడ ఆ ముఖం మీద కొంచెం బరువుగా పడింది కాబట్టి.

ఆషాఢంలో ఇంకోసారి వెళ్ళాను, ఆకాశం నిండా మబ్బు పట్టిన రోజున. అదే శిల్పం, అదే చోటు. ఈసారి మడతకు, గోడకు మధ్య మూడు స్టాపులే తేడా. సూర్యుడు లేని చోట ఎర్రరాయీ నల్లరాయీ దాదాపు దగ్గరికి వచ్చేశాయి. నడుము మడతను మళ్ళీ 2లోనే పెట్టాను, గోడ 5లో పడింది, రీలును 10 నిమిషాలు కడిగాను, గోడ 6 దాకా లేచింది. డిసెంబరు ప్రింటును, ఆషాఢపు ప్రింటును బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే నలుపు రెండింటిలోనూ ఒకటే. మబ్బు రోజుది చూడగానే అంతగా ఆకట్టుకోదు. కానీ మబ్బు వెలుతురు నలువైపుల నుంచీ వస్తుంది కాబట్టి, డిసెంబరులో ఒక గీతగా మాత్రమే మెరిసిన పాదం మీద ఇప్పుడు వెలుగు వెడల్పుగా పరుచుకుంది, బొటనవేలి గోరు, దాని పక్కన మట్టె విడివిడిగా కనిపిస్తున్నాయి.